సర్కారు కాగితం చెల్లకపోతే

2020లో ఆంధ్రప్రదేశ్‌లో రంగుల గొడవ ఒకటి నడిచింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. పంచాయతీ ఆఫీసులన్నిటికీ అధికార పార్టీ జెండా రంగులు వేసేశారు, ఎవరో కోర్టుకెళ్ళారు, మార్చిలో హైకోర్టు ఆ రంగులు తీసెయ్యండి అంది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకి పోతే అక్కడా ఊరట దొరకలేదు. ఇక తీసెయ్యడమే కదా మిగిలింది అనుకుంటాం. ఏప్రిల్‌లో జీవో 623 వచ్చింది. పాత మూడు రంగులకి ఇంకో రంగు కలిపారు, ఎర్రమట్టి రంగు. పైగా ఏ రంగు దేనికి గుర్తో అర్థాలు కూడా చెప్పారు, పచ్చ అంటే పంటలు, తెలుపు అంటే పాలు, ఎర్రమట్టి అంటే నేల, ఇలా. మేలో హైకోర్టు ఆ జీవోని కొట్టేసి కోర్టు ధిక్కారం కింద కూడా తీసుకుంది, జూన్‌లో సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో తుడిచెయ్యమని గడువు పెట్టింది.

గోడ మీద రంగు చాలా చిన్న విషయం, దానివల్ల ఎవరికీ అన్నం ఆగిపోలేదు. కానీ ప్రభుత్వాలు చట్టాన్ని ఎలా దాటవేస్తాయో చూపించడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు. ఎందుకంటే ఇందులో ఎవరూ కోర్టు మాట వినం అనలేదు. విన్నట్టే కనపడుతూ, ఒక జీవో రాసి, దానికి నంబరేసి, సంతకం పెట్టి మరీ వినలేదు. మన దగ్గర చట్టాన్ని పక్కన పెట్టడం అంటే ఎప్పుడూ తుపాకీ పట్టుకుని రావడం కాదు, చాలాసార్లు అది లెటర్‌హెడ్ మీదే వస్తుంది. రూల్‌కి రూల్ ఉంటుంది, దాని పక్కన దాన్ని ఉత్తుత్తిది చేసే ఇంకో కాగితం కూడా ఉంటుంది.

సామాన్యుడికి దీనివల్ల ఏం నష్టం అంటే, ప్రభుత్వం ఇచ్చే కాగితం మీదే అతని బతుకు నడుస్తుంది. పట్టాదారు పాస్‌బుక్, ఇంటి పర్మిషన్, రిజిస్ట్రేషన్ దస్తావేజు, రేషన్ కార్డు, ఉద్యోగ నోటిఫికేషన్, అన్నీ కాగితాలే. ఆ కాగితం రేపు కూడా చెల్లుతుందని నమ్మకం ఉన్నంతకాలం మనిషి ఆఫీసుకెళ్ళి లైన్లో నిలబడతాడు. ఆ నమ్మకం పోయిన రోజు లైన్లో నిలబడడు, ఎమ్మెల్యే ఇంటికెళ్తాడు. ప్రజలకి ప్రభుత్వం మీద నమ్మకం పోయింది అంటే వాళ్ళకి కోపం వచ్చిందని, వచ్చే ఎన్నికల్లో ఓడిస్తారని అనుకుంటారు చాలామంది, అది దాంట్లో చిన్న భాగమే. అసలు జరిగేది ఏంటంటే కాగితాన్ని నమ్మడం మానేసి మనిషిని నమ్ముకోవాల్సి రావడం, మనవాడు ఎవరున్నారక్కడ అని వెతుక్కోవడం.

హైదరాబాద్ చెరువుల సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 99తో హైడ్రా అని, చెరువుల్లో ఆక్రమణలు తీయించే సంస్థ ఒకటి పెట్టింది. ఉద్దేశం తప్పు అనలేం, హైదరాబాద్‌లో చెరువుల్ని మింగేసిన మాట నిజం, వానొస్తే కాలనీలకి కాలనీలు మునుగుతున్నాయి, ఎవరో ఒకరు గట్టిగా నిలబడాలి. ఆగస్టు 24న మాదాపూర్‌లో నటుడు నాగార్జున ఎన్ కన్వెన్షన్ హాల్ కూల్చినప్పుడు జనం నిజంగానే సంబరపడ్డారు, పెద్దోళ్ళని కూడా వదల్లేదు చూశావా అని. కానీ నెల తిరక్కుండానే బుల్డోజర్ మామూలు ఇళ్ళ మీదకి వచ్చింది, అప్పుడు టీవీలో కనిపించింది సామాన్లు సర్దుకోవడానికి టైం ఇవ్వండి అని ఏడుస్తున్న ఆడవాళ్ళు.

సెప్టెంబర్ 22, ఆదివారం పొద్దున అమీన్‌పూర్‌లో ఒక కట్టడం కూల్చారు. హైకోర్టు హైడ్రా కమిషనర్‌నీ తహసీల్దార్‌నీ పిలిపించి అడిగిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఆదివారమే ఎందుకు అని. తహసీల్దార్ అడిగితే చార్మినార్ కూడా కూల్చేస్తారా అని కూడా అడిగింది కోర్టు. ఈ ఆదివారం సంగతి తెలిసిన వాళ్ళకి కొత్తేం కాదు. శుక్రవారం సాయంత్రం నోటీసు అంటిస్తే శని, ఆదివారాలు కోర్టు ఉండదు, స్టే తెచ్చుకోవడానికి లాయర్ దొరికి పిటిషన్ తయారయ్యి నంబరు పడేసరికి సోమవారం అవుతుంది, అప్పటికి అక్కడ ఇటుకలే ఉంటాయి. అంటే చట్టంలో నోటీసు ఇవ్వాలని ఉంది కాబట్టి నోటీసు ఇచ్చారు, ఆ నోటీసు దేనికోసం పెట్టారో అది మాత్రం జరక్కుండా చూసుకున్నారు. నాలుగో రంగు లాంటిదే ఇది కూడా.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. ఇలా కూలిన ఇళ్ళలో చాలావాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయింది, స్టాంప్ డ్యూటీ కట్టించుకున్నారు, కరెంటు మీటర్ ఇచ్చారు, ఇంటి పన్ను ఏటా వసూలు చేశారు, కొన్నిటికి పర్మిషన్ కూడా ఉంది, ఆ పర్మిషన్ చూసే బ్యాంకు లోన్ ఇచ్చింది. ఎఫ్‌టీఎల్ అంటే, చెరువు నిండితే నీళ్ళొచ్చే హద్దు, ఎక్కడుందో, దాని చుట్టూ ఏమీ కట్టకూడని బఫర్ జోన్ ఎక్కడిదాకా ఉందో కొనేవాడికి తెలియదు, తెలియజెప్పాల్సిన ఆఫీసు చెప్పలేదు, పైగా డబ్బులు కట్టించుకుని ముద్రేసింది. ఇప్పుడు అదే ప్రభుత్వంలో ఇంకో ఆఫీసు వచ్చి ఇది చెరువు అంటోంది. పర్మిషన్ ఇచ్చిన అధికారి మాత్రం ఎక్కడో రిటైరయ్యి హాయిగా ఉంటాడు, అతని ఇంటికి బుల్డోజర్ రాదు. కొనుక్కున్నోడే దొంగ అయ్యాడు. చెరువు కాపాడాలి, అందులో రెండో మాట లేదు, కానీ కాపాడే పద్ధతిలో ముందుగా పట్టుకోవాల్సింది ఆ ముద్రేసిన చెయ్యిని.

ఇంకా తమాషా ఏంటంటే ఒకపక్క ఇలా కూలుస్తూ ఇంకోపక్క ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల రెగ్యులరైజేషన్ స్కీము, నడుస్తుంటుంది. పర్మిషన్ లేని లేఅవుట్లు వేసుకోండి, తర్వాత డబ్బులు కట్టి రెగ్యులరైజ్ చేయించుకోండి అని. 2020లో తెలంగాణలో ఎల్‌ఆర్‌ఎస్ పిలిస్తే 25 లక్షలకు పైగా అప్లికేషన్లు వచ్చాయి. 25 లక్షలు! అన్ని ప్లాట్లు రూల్ తప్పి అమ్ముడుపోయేదాకా ఎవరూ చూడలేదంటే నమ్మాలా. ఇందులో అందరికంటే నష్టపోయినోడు ఎవరంటే రూల్ ప్రకారం రోడ్లకి, పార్కుకి స్థలం వదిలి, ఎక్కువ రేటు పెట్టి అప్రూవ్డ్ లేఅవుట్‌లో కొనుక్కున్నోడు. పక్కోడు సగం రేటుకి కొని కొంత ఫీజు కట్టి అతనితో సమానం అయిపోయాడు. ఇలా రెండు మూడు సార్లు అయితే రూల్ పాటించడం అమాయకత్వం అనే సంగతి ఊరంతటికీ అర్థమైపోతుంది, ఎవరూ క్లాసు పెట్టి చెప్పక్కర్లేదు.

కూల్చివేతల్లో ఆంధ్ర కూడా తక్కువ తినలేదు. 2019 జూన్‌లో ఉండవల్లిలో ప్రజావేదికలో కలెక్టర్ల సదస్సు పెట్టి, అదే హాల్లో కూర్చుని, ఈ హాల్ అక్రమ కట్టడం కాబట్టి కూల్చేస్తున్నాం అని ముఖ్యమంత్రి జగన్ ప్రకటించారు, మర్నాడు రాత్రే కూల్చివేత మొదలుపెట్టేశారు. అంతకుముందు చంద్రబాబు ప్రభుత్వం, ప్రభుత్వ డబ్బుతోనే కట్టిన బిల్డింగ్ అది. సరిగ్గా ఐదేళ్ళకి, 2024 జూన్ 22 తెల్లవారుజామున, తాడేపల్లిలో కడుతున్న వైసీపీ ఆఫీసుని సీఆర్‌డీఏ, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, కూల్చింది, హైకోర్టు చట్టప్రకారమే వెళ్ళమని చెప్పినా ఆగలేదని ఆ పార్టీ వాళ్ళు గోల పెట్టారు. రెండిట్లోనూ కట్టడం రూల్ ప్రకారం ఉందా లేదా అనేది విడిగా వాదించుకోవచ్చు, రెండూ నిజంగానే రూల్ తప్పి ఉండొచ్చు కూడా. కానీ చూసేవాడికి అర్థమైంది ఏంటంటే కృష్ణా కరకట్ట మీద అన్ని కట్టడాలుంటే ప్రభుత్వం మారిన మొదటి నెలలో అవతలి పార్టీ వాళ్ళు కట్టిందే ఎందుకు కూలింది అని. చట్టం అందరికీ ఒకటే అన్న మాట 14వ అధికరణంలో ఉంది, జనం నోట్లో మాత్రం ఇంకో మాట ఉంది, ఎవడి రాజ్యం వాడిది అని.

దేశం మొత్తంమీద చూస్తే బుల్డోజర్ పిచ్చి ఉత్తరాదిలో ఇంకా ఎక్కువ, కేసులో పేరు వస్తే చాలు మర్నాడు ఇల్లు కూల్చడం, అదీ కెమెరాల ముందు. దాని మీద 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ బెంచ్ గట్టి తీర్పే ఇచ్చింది. 15 రోజుల నోటీసు, రిజిస్టర్డ్ పోస్టులో పంపడం, గోడకి అంటించడం, యజమాని మాట వినడం, ఆర్డర్ ఇచ్చాక కూడా అప్పీలుకి ఇంకో 15 రోజులు, కూల్చేటప్పుడు వీడియో, ఇవన్నీ పెట్టి, పాటించకపోతే మళ్ళీ కట్టించే ఖర్చు అధికారి సొంత జేబులోంచి రాబడతాం అంది. రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను, చెరువు లాంటి చోట్ల మాత్రం ఈ గడువులు వర్తించవు. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో, 2021లో ప్రయాగ్‌రాజ్‌లో కూల్చిన ఇళ్ళకి ఒక్కొక్కరికీ 10 లక్షలు ఇవ్వమని అక్కడి డెవలప్‌మెంట్ అథారిటీకి ఇంకో బెంచ్ చెప్పింది. ఇల్లు పోయి నాలుగేళ్ళయ్యాక.

సొంత జేబులోంచి అనేది మాత్రం పట్టించుకోవాల్సిన మాట. ఎందుకంటే ఇంతకాలం ఎవరు తప్పు చేసినా పరిహారం ఖజానాలోంచే పోయింది, అంటే ఇల్లు పోయినోడు కట్టిన పన్నులోంచి కూడా అతనికే పరిహారం అన్నమాట. 2025 మేలో సుప్రీంకోర్టు గుంటూరు కేసులో చేసింది ఇంకా అరుదైన పని. హైకోర్టు ఆర్డర్ ఉన్నా లెక్కచెయ్యకుండా గుడిసెలు పీకించినందుకు ఒక డిప్యూటీ కలెక్టర్‌ని తహసీల్దార్ స్థాయికి దింపేసి లక్ష రూపాయలు జరిమానా వేసింది. జైలుకి పంపాల్సింది, కుటుంబం చూసి ఆగారు. ఒక అధికారికి సర్వీసులో ఇది చిన్న దెబ్బ కాదు. అయితే అతను గుడిసెలు పీకించింది 2013, 2014 ప్రాంతంలో. అక్కడుండే వాళ్ళ పిల్లలు ఈలోపు పెద్దవాళ్ళయిపోయి ఉంటారు.

ఇళ్ళ సంగతి అలా ఉంచి ప్రాణాల సంగతికి వస్తే, 2019 డిసెంబర్ 6 తెల్లవారుజాము షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో జరిగింది తెలుగువాళ్ళెవరూ మర్చిపోరు. ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపేసిన దిశ కేసులో నలుగురు నిందితుల్ని సీన్ రీకన్‌స్ట్రక్షన్ అని తీసుకెళ్ళారు, ఆయుధాలు లాక్కుని కాల్పులు జరిపారని, ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు చెప్పారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు, బస్సుల్లో అమ్మాయిలు చేతులూపారు. ఆ సంతోషాన్ని వెక్కిరించక్కర్లేదు, కోర్టుల్లో ఇలాంటి కేసులు ఏళ్ళకేళ్ళు నడవడం చూసి చూసి విసిగిపోయిన జనం వాళ్ళు. 2008లో వరంగల్ యాసిడ్ దాడి కేసులో ముగ్గురు నిందితుల్ని ఇలాగే కాల్చేసినప్పుడు కూడా ఇదే సంబరం. కానీ ఆ పూల కింద మూసుకుపోయిన విషయం ఒకటుంది. ఆ అమ్మాయి కనపడట్లేదని ఇంట్లోవాళ్ళు వెళ్తే మా పరిధి కాదు మా పరిధి కాదు అని ఆ స్టేషన్‌కీ ఈ స్టేషన్‌కీ తిప్పారని అప్పట్లో పెద్ద గొడవైంది, ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు కూడా. ఎన్‌కౌంటర్ అయ్యాక ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్ ట్రాక్ కోర్టు పెట్టారు, అది విచారించడానికి మనుషులే మిగల్లేదు.

సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు అప్పటికి మైనర్లని కూడా చెప్పింది. దీంతో ఎక్కడికొచ్చాం అంటే, ఆ నలుగురే ఆ పని చేశారా అనేది ఏ కోర్టులోనూ రుజువవ్వలేదు, ఇక అవ్వదు కూడా. పోలీసుల మీద కేసు హైకోర్టుకి చేరి అలా ఉంది. బాధితురాలికి జరిగింది న్యాయం అని తీర్పు చెప్పింది ఎవరు? టీవీ చూస్తున్న మనం. అదే తుపాకీ 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవుల్లో 20 మంది కూలీల మీద పేలినప్పుడు ఎవరూ పూలు చల్లలేదు, వాళ్ళు తమిళనాడు నుంచి ఎర్రచందనం కొట్టడానికి వచ్చిన పేదోళ్ళు. అయినా చెప్పిన కథలో ముఖ్యమైన మాట అదే, ఆత్మరక్షణ కోసం కాల్చాం అని. ఒకసారి ఆ కథకి చప్పట్లు కొట్టాక రెండోసారి నమ్మం అనడానికి మనకి నోరు ఉండదు, చిక్కంతా అక్కడుంది.

దిశ పేరు మీదే ఆంధ్రలో ఇంకో వింత జరిగింది. ఎన్‌కౌంటర్ అయిన వారానికే అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, 21 రోజుల్లో తీర్పు, మరణశిక్ష దాకా. కేంద్ర చట్టాలకి అడ్డు తగిలేవి ఉన్నాయి కాబట్టి రాష్ట్రపతి ఆమోదం కావాలి, అది రాలేదు. కానీ 2020 ఫిబ్రవరిలోనే రాజమహేంద్రవరంలో దిశ పోలీస్ స్టేషన్ ప్రారంభించేశారు, తర్వాత మిగతా జిల్లాల్లో, యాప్ కూడా వచ్చింది. యాప్‌తో కొంతమందికి మేలు జరిగే ఉంటుంది. కానీ స్టేషన్ బోర్డు మీద పెట్టిన పేరు గల చట్టం పుస్తకంలో లేదు, అది తెలియక 21 రోజుల్లో న్యాయం అనుకుని ఆ మెట్లెక్కిన ఆడపిల్ల ఇరవై రెండో రోజున ఏమనుకుంటుంది.

ఇక ఆర్డినెన్సుల కథ. అసెంబ్లీ లేనప్పుడు అత్యవసరమైతే గవర్నర్ చేత ఆర్డినెన్స్ ఇప్పించుకోవచ్చని 213వ అధికరణం చెప్తుంది, అసెంబ్లీ మళ్ళీ కూర్చున్న ఆరు వారాల్లో అది చట్టం అవ్వాలి లేకపోతే పోవాలి. బీహార్ వాళ్ళు దీన్ని ఏం చేశారంటే, 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు ఇచ్చి, గడువు తీరగానే మళ్ళీ మళ్ళీ జారీ చేస్తూ, కొన్నిటిని 14 ఏళ్ళ దాకా బతికించారు. అసెంబ్లీ ఉంది, ఎమ్మెల్యేలు జీతాలు తీసుకుంటున్నారు, చట్టాలు మాత్రం గవర్నర్ సంతకంతో నడుస్తున్నాయి. పుణెలో గోఖలే ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ డి.సి. వాధ్వా ఇవన్నీ కూర్చుని లెక్క తీశారు, ఆయన వేసిన కేసులోనే 1986 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగాన్ని మోసం చెయ్యడం అంది. ఆర్థికశాస్త్రం చెప్పుకునే మాస్టారు కనిపెట్టేదాకా పట్నాలో ఇన్ని వందలమంది లాయర్లూ ఎమ్మెల్యేలూ ఏం చేస్తున్నారో.

మన దగ్గర ఈ దారి వాడింది ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల కమిషనర్ విషయంలో. 2020 మార్చి 15న కరోనా వల్ల స్థానిక ఎన్నికలు వాయిదా వేస్తున్నాం అని అప్పటి కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ ప్రకటించారు, ప్రభుత్వానికి అది నచ్చలేదు. ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలం ఐదేళ్ళ నుంచి మూడేళ్ళకి తగ్గించారు, అర్హత కూడా రిటైర్డ్ హైకోర్టు జడ్జి అని మార్చారు, దాంతో ఆయన పదవి ఆ రోజుతో అయిపోయింది, చెన్నై నుంచి ఒక రిటైర్డ్ జడ్జిగారిని తెచ్చి కూర్చోబెట్టారు. రాజ్యాంగం ప్రకారం ఎన్నికల కమిషనర్‌ని హైకోర్టు జడ్జిని తీసేసే పద్ధతిలో తప్ప తీసెయ్యకూడదు, అందుకని తీసెయ్యకుండా కుర్చీ కాళ్ళు కోశారు. మే 29న హైకోర్టు కొట్టేసింది. అయినా ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చునేసరికి జులై ఆఖరైంది, మధ్యలో ధిక్కార పిటిషన్ వెయ్యాల్సి వచ్చింది. ఇది ఒక మనిషి ఉద్యోగం సంగతి అయితే ఇంత చెప్పక్కర్లేదు. ఆ తర్వాతి ఏడాది జరిగిన పంచాయతీ ఎన్నికల్లో కమిషనర్ ఏ ఆర్డర్ ఇచ్చినా సగం రాష్ట్రం ఈయన వాళ్ళ మనిషి అంది, ఇంకో సగం అధికారులు వీళ్ళ మనుషులు అంది. అంపైర్‌ని ఒకసారి మార్చి చూశాక ఇక అంపైర్ అనే వాడే లేకుండా పోయాడు.

జీవోల సంగతి ఇంకా విడ్డూరం. ప్రభుత్వం ఏ ఆర్డర్ ఇచ్చిందో తెలిస్తేనే కదా అది తప్పో ఒప్పో చెప్పగలిగేది. ఆంధ్రలో 2021 ఆగస్టులో జీవోలు వెబ్‌సైట్‌లో పెట్టడమే ఆపేశారు. అంతకుముందు ఖాళీ జీవోలు పెట్టేవాళ్ళు, నంబరు ఉంటుంది తేదీ ఉంటుంది లోపల ఏమీ ఉండదు. మళ్ళీ పాత సైట్‌లో పెట్టడం 2024లో ప్రభుత్వం మారాకే మొదలైంది. తెలంగాణలో కూడా అదే నెలలో, 2021 ఆగస్టులోనే, దళితబంధు జీవో కనపడట్లేదని కేసు వేస్తే జీవో ఇచ్చిన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టండి అని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. రెండు రాష్ట్రాలు, రెండు పార్టీలు, ఒకరంటే ఒకరికి పడదంటారు, ఈ ఒక్క విషయంలో మాత్రం అన్నదమ్ములే.

కింది స్థాయిలో చట్టం ఎంత నెమ్మదిగా చేరుతుందో చెప్పడానికి 66ఏ చాలు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలు అనే ఈ ఐటీ చట్టం సెక్షన్‌ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు పూర్తిగా కొట్టేసింది. ఆరేళ్ళ తర్వాత, 2021లో కూడా పోలీసులు అదే సెక్షన్ కింద కేసులు కడుతున్నారని తెలిసి కోర్టే ఆశ్చర్యపోయింది, 2022లో మళ్ళీ ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది ఈ సెక్షన్ లేదు బాబూ అని. ఫేస్‌బుక్ పోస్టుకి కేసు పెట్టించుకున్నోడికి బెయిల్ దొరికి కేసు కొట్టేసేసరికి ఉద్యోగమో పాస్‌పోర్టో పోయి ఉంటుంది, శిక్షంటే కోర్టు వేసేదే కానక్కర్లేదు.

డబ్బు పెట్టేవాళ్ళ దగ్గరకొస్తే లెక్క ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. 2019 జులై 1న జీవో 63తో పాత ప్రభుత్వం చేసుకున్న సోలార్, విండ్ కరెంటు ఒప్పందాల్ని తిరగదోడడానికి కమిటీ వేశారు, రేట్లు ఎక్కువని. రేట్లు ఎక్కువ అయ్యుండొచ్చు, అవినీతి ఉంటే కేసు పెట్టొచ్చు, దానికి దారులున్నాయి. సంతకం అయిన 25 ఏళ్ళ ఒప్పందాన్ని ఒక జీవోతో మారుస్తాం అనేసరికి కేంద్రం వద్దంది, జపాన్ రాయబారి కూడా ఉత్తరం రాశారు, 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం రేటే ఇవ్వాలి, బకాయిలు ఆరు వారాల్లో కట్టండి అంది. మిగిలిద్దామనుకున్నది మిగల్లేదు, పైగా ఆ తర్వాత ఆంధ్రలో పెట్టుబడి పెట్టేవాడు రేటు మాట్లాడేముందు ప్రభుత్వం మారితే ఏంటి అని అడగడం మొదలుపెట్టాడు. ఆ ప్రశ్నకి కూడా ఒక రేటు ఉంటుంది, అది చివరికి కరెంటు బిల్లులోనే వస్తుంది.

నమ్మకం పోయాక మంచి చట్టం తెచ్చినా ఎవరూ మంచిదనుకోరు అనడానికి ఆంధ్ర ల్యాండ్ టైటిలింగ్ చట్టం కథ చూడాలి. ఇప్పుడు మన దేశంలో దస్తావేజు ఉందంటే అమ్మకం జరిగిందని రుజువు తప్ప భూమి నీదే అని ప్రభుత్వం గ్యారంటీ ఇవ్వదు. గ్యారంటీ ఇచ్చే పద్ధతి రావాలని ఎప్పటినుంచో అంటున్నారు, నీతి ఆయోగ్ ముసాయిదా కూడా తయారుచేసింది, ఆంధ్రలో 2023లో అమలులోకి తెచ్చారు. సిద్ధాంతంగా మంచి ఆలోచనే. కానీ అందులో తగాదా వస్తే సివిల్ కోర్టుకి పోయే దారి మూసి, అధికారి దగ్గరకి, ఆ పైన అప్పీలు అధికారి దగ్గరకి, ఆ తర్వాత హైకోర్టుకి వెళ్ళమన్నారు. లాయర్లు రోడ్డెక్కారు. అప్పటికే పాస్‌బుక్ మీద ముఖ్యమంత్రి ఫొటో, పొలంలో సర్వే రాయి మీదా ఆయన పేరే. మా తాతిచ్చిన పొలం రాయి మీద ఈయన పేరేంటి అని పల్లెల్లో అడిగారు, ఆ ప్రశ్నకి ఎంత పెద్ద లాయరూ జవాబు చెప్పలేడు. 2024 ఎన్నికల ప్రచారంలో ఈ చట్టం వస్తే మీ భూమి పోతుంది అని అవతలి పక్షం చెప్పింది, అందులో ఎంత నిజం ఎంత భయపెట్టడం అనేది ఎవరూ కూర్చుని చూడలేదు, నమ్మేశారు. గెలిచాక జులైలోనే రద్దు చేసేశారు. ఐదేళ్ళు కోర్టు ఆర్డర్లతో దాగుడుమూతలు ఆడిన ప్రభుత్వం మీ భూమికి మేం గ్యారంటీ అంటే ఎవడు నమ్ముతాడు.

ఇవన్నీ ఒక్కచోట కలిసేది అమరావతిలో. 2015లో రాజధాని కోసం ల్యాండ్ పూలింగ్, అంటే భూమి తీసుకుని బదులుగా అక్కడే ప్లాట్లు ఇచ్చే పద్ధతి, మొదలుపెట్టినప్పుడు సుమారు 29 వేలమంది రైతులు 34 వేల ఎకరాల దాకా ఇచ్చారు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్, నది పక్కన నీళ్ళుండే జరీబు భూమికి వెయ్యి, 450, పదేళ్ళు ఏటా కౌలు. ఇదీ రూల్‌కి అటూ ఇటూ నడిచిన పనే, 2013 భూసేకరణ చట్టంలో ఉన్న సామాజిక ప్రభావ అంచనా లాంటి మెట్లు పూలింగ్‌లో ఎక్కక్కర్లేదు, ఇవ్వనన్నోళ్ళకి సేకరణ నోటీసు చూపించారన్న ఫిర్యాదులున్నాయి, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల రైతుల సంగతి ఇంకా వేరే. అయినా చాలామంది ప్రభుత్వం రాసిచ్చిన కాగితం చూసి ఇచ్చారు. 2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది, మర్నాటి నుంచే ధర్నాలు. 2020లో సీఆర్‌డీఏ చట్టాన్నే రద్దు చేశారు, 2021 నవంబర్‌లో ఆ రద్దుని వెనక్కి తీసుకున్నారు, 2022 మార్చి 3న హైకోర్టు ఒప్పందం ఒప్పందమే, ప్లాట్లు డెవలప్ చేసి ఇవ్వాల్సిందే అంది, నవంబర్‌లో సుప్రీంకోర్టు గడువుల వరకు స్టే ఇచ్చింది. రాజధాని ఎక్కడుండాలి అనేది రాజకీయ ప్రశ్న, మూడుచోట్ల ఉండాలని వాదించేవాళ్ళకీ వాళ్ళ కారణాలున్నాయి. కానీ భూమి తీసుకున్నది పార్టీ కాదు, ప్రభుత్వం. ఆ తేడా తెలుసు కాబట్టే రైతు సంతకం పెట్టాడు, ఆ తేడా లేదని ఐదేళ్ళలో అతనికి నేర్పించారు.

2024లో ప్రభుత్వం మారింది, పనులు మళ్ళీ మొదలయ్యాయి, 2025లో ఇంకా వేల ఎకరాలు పూలింగ్‌కి కావాలన్నారు. ఈసారి ఊళ్ళలో సభలు పెడితే రైతులు గజాల లెక్క ఒక్కటే అడగలేదు, మళ్ళీ వాళ్ళొస్తే ఏంటి అని అడిగారు. రాష్ట్ర అసెంబ్లీ చట్టం, సీఆర్‌డీఏ ఒప్పందం, హైకోర్టు తీర్పు, ఇన్ని చేతిలో ఉండి కూడా చాలదంట. అమరావతి పేరు విభజన చట్టంలోనే రాయించాలని, పార్లమెంటు చేత చేయించాలని పట్టుబట్టారు, 2025 మేలో రాష్ట్ర మంత్రివర్గం కూడా అదే కోరుతూ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. తన చట్టం మీద తన రైతుకే నమ్మకం లేదని ఒక రాష్ట్ర ప్రభుత్వం స్వయంగా ఒప్పుకుని, రాసి, సంతకం పెట్టి పంపిన కాగితం అది.